నిజాముద్దీన్ వంతెన దగ్గర ఆగిన చుక్క

హామ్ రేడియో లైసెన్సు కావాలని ముందు అడిగింది మా అమ్మాయి. అప్పుడది ఏడో తరగతి. స్కూలుకి ఎవరో వచ్చి, ఫోనూ ఇంటర్నెట్టూ లేకుండా, చేతిలో పట్టే చిన్న రేడియో సెట్టుతో నగరానికి ఆ చివరనున్న మనిషితో మాట్లాడి చూపించారట. వారం రోజులు ఇంట్లో అదే మాట. పరీక్ష రాయాలంటే చదవాలి, చదవాలంటే పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. మా ఆయన మంత్రిత్వశాఖ ఫైళ్ళు ఇంటిదాకా వెంట తెచ్చుకునే మనిషి కాబట్టి ఆ పని నాకు పడింది. ఏ పౌనఃపున్యానికి ఎంత పొడుగు యాంటెన్నా కావాలి, రేడియోలో మన గుర్తింపు పేరైన కాల్‌సైన్ ఏ దేశానికి ఏ అక్షరాలతో మొదలవుతుంది, ఇవన్నీ దానికి చెప్పడం కోసం నేను నేర్చుకున్నాను. ఎలాగూ చదివాను కదా అని నేనూ దరఖాస్తు పెట్టాను. ఇద్దరం ఒకే గదిలో కూర్చుని పరీక్ష రాశాం. పోలీసు విచారణ ముగిసి లైసెన్సులు చేతికొచ్చేసరికి చాలా నెలలు పట్టింది. ఈలోగా దానికి బాస్కెట్‌బాల్ పిచ్చి పట్టుకుంది.

"మమ్మీ, అబ్ ఆప్ హీ కర్ లో," అని, ఇక అంతా నన్నే చూసుకోమని తన సెట్టు కూడా నా బల్ల మీద పెట్టేసి బంతి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాకప్పుడు నలభై నాలుగేళ్ళు. నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. మయూర్ విహార్‌లో మా ఫ్లాటు పై అంతస్తులో ఉంటుంది. దాని మీద డాబా, డాబా మీద నీళ్ళ ట్యాంకులు, పావురాలు. రేడియో పెట్టుకోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. చిక్కల్లా నాతోనే. మైకు పట్టుకుంటే నాకు మాట రాదు. పొద్దున్నే ఢిల్లీలో ఇలా లైసెన్సున్న హామ్‌లు అందరూ ఒక చోట కలిసి పలకరించుకునే సమయం ఒకటి ఉండేది. నా పేరు, ఊరు, వాతావరణం చెప్పి వెంటనే మైకు వదిలేసేదాన్ని. అవతల ఉన్నవాళ్ళంతా ముప్పై నలభై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న మగవాళ్ళు. మర్యాదగానే మాట్లాడేవారు, కానీ వాళ్ళ మధ్య నేనేం చెప్పాలో తెలిసేది కాదు.

అందుకే మాట్లాడే పని లేని విద్య ఒకటి కనబడగానే దాన్ని పట్టుకున్నాను. హామ్‌లు కొందరు తమ బండిలో రేడియోకి ఒక చిన్న పెట్టె తగిలించుకుంటారు. అది ఉపగ్రహాల నుంచి తానెక్కడుందో తెలుసుకుని, నిమిషానికోసారి ఆ స్థానాన్ని గాలిలోకి పంపుతుంది. వినడానికి అదొక చిన్న గుర్రు శబ్దం, సెకను కూడా ఉండదు. నాలాంటి వాళ్ళు ఇంటి మీద యాంటెన్నా పెట్టి ఆ శబ్దాన్ని పట్టి, కంప్యూటర్‌తో చదివించి ఇంటర్నెట్‌కు ఎక్కిస్తే, ఫలానా కాల్‌సైన్ ఫలానా చోట ఉందని మ్యాపు మీద ఒక చుక్క పడుతుంది. చుక్క కదిలితే వెనకాల గీత పడుతుంది. రహస్యమేమీ లేదు, ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. ఎవరు పంపారో, ఏ ఇంటి యాంటెన్నా దాన్ని విన్నదో కూడా అక్కడే రాసి ఉంటుంది.

డాబా మీద గొట్టం నిలబెట్టడానికి సొసైటీ సెక్రటరీ అంకుల్‌ను ఒప్పించడం ఒక నెల పని. రేడియేషన్ వస్తుందని, ఇక్కడ పిల్లలుంటారని ఆయన భయం. "బేటీ, బచ్చే రహతే హై యహా," అనేవాడు. నాది వినే పెట్టే తప్ప పంపేది కాదని, ఆయన జేబులో ఉన్న ఫోనుకున్న పాటి కూడా దీనికి లేదని మూడుసార్లు చెప్పాను. చివరికి ట్యాంకు గోడకు తగలకుండా, దండేలకు అడ్డం రాకుండా పెట్టుకోమన్నాడు. గొట్టం బిగించిన రోజు మాత్రం ఆయనే వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

మొదటి పదిహేను రోజులు మ్యాపు మీద నా చుక్క ఒక్కటే ఉండేది. ఇంత పెద్ద నగరంలో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురైదుగురు కూడా లేరని అప్పుడే తెలిసింది. పదహారో రోజో ఎప్పుడో, ఒక మంగళవారం పొద్దున కాఫీ కలుపుతుంటే లోపల గదిలో గుర్రుమంది. పరిగెత్తి వెళ్ళి చూశాను. సరాయ్ కాలేఖాన్ దగ్గర ఒక కారు బొమ్మ. నిమిషం తర్వాత నిజాముద్దీన్ వంతెన మీద. ఇంకో రెండు నిమిషాలకు యమున దాటి మా వైపు. ఎవరో తెలియని మనిషి నావైపు వస్తుంటే చూస్తూ, పాలు పొంగించాను.

ఆ కారు మంగళ, గురు, శనివారాలు వచ్చేది. పొద్దున ఆరున్నర దాటాక వంతెన ఎక్కేది. మా ఇంటికి రెండు కిలోమీటర్లలో ఒక చోట ఆగేది. ఆగినప్పుడు కూడా పది నిమిషాలకోసారి "ఇక్కడే ఉన్నాను" అని పంపేది. పదకొండున్నర ప్రాంతంలో మళ్ళీ కదిలి, వంతెన దాటి, నా యాంటెన్నాకు అందనంత దూరం వెళ్ళిపోయేది. దాని ఇల్లు వసంత్ కుంజ్‌లో అని కాల్‌సైన్ల జాబితాలో ఉంది.

ఈ పద్ధతిలో చిన్న చిన్న సందేశాలు కూడా పంపుకోవచ్చు. ధైర్యం చేసి నా చేతి సెట్టు నుంచి ఇంగ్లీషులో ఒకటి పంపాను, మీ కారు నాకు బాగా వినబడుతోంది అని. థాంక్యూ, నీ స్టేషన్ ఈ ఒడ్డున చాలా అవసరం అని జవాబొచ్చింది. అలా కొన్ని వారాలు గడిచాక, ఒకరోజు పొద్దుటి పలకరింపుల్లో నేను వాతావరణం చెప్పి ముగించగానే ఒక పెద్దాయన గొంతు వచ్చింది. ముందుగా ఆయన చెప్పిన కాల్‌సైన్ ఆ కారుదే.

"మేడం, ఆర్ యూ ఫ్రమ్ ఆంధ్రా?"

ఔనన్నాను. అందరూ వినే చోట మన భాషలో మాట్లాడటం బాగోదని, పలకరింపులు అయ్యాక పక్క చానెల్‌కు రమ్మన్నాడు. వెళ్ళాను.

"నేను వరంగల్ అమ్మా. యూనివర్సిటీల ల్యాబ్ టెక్నీషియన్‌గ చేసి రిటైరైన. నువ్వు వాతావరణం చెప్పినప్పుడు 'క్లౌడీ' అని గుంటూరు తీర్గ సాగదీసినవ్. గప్పుడే అనుకున్న."

నాకు నవ్వొచ్చింది. మైకు పట్టుకుని నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత వారానికి రెండు మూడుసార్లు మాట్లాడుకునేవాళ్ళం. నన్ను మైకుకు అలవాటు చేసింది ఆయనే. టంకం ఎలా వేయాలో, తీగలోకి వాన నీళ్ళు పోకుండా ఏం చుట్టాలో చెప్పేవాడు. ఒకసారి మా ఆయన్ని, అమ్మాయిని తీసుకొస్తాను, అశోకా రోడ్‌లో ఉన్న మన తెలుగు క్యాంటీన్‌లో అందరం కలిసి మన భోజనం చేద్దాం, పప్పూ గోంగూరా ఉంటాయి అన్నాను.

"ఇప్పుడొద్దమ్మా. కొన్ని రోజులైనంక చూద్దాం," అన్నాడు. రెండోసారి పిలిచినా అదే మాట. మా వైపు వస్తున్నారు కదా, ఇంటికి రండి అంటే, "చిన్న పని ఉంటది. అయిపోంగనే పోత," అనేవాడు.

ఆ చిన్న పని ఏమిటో నాకు అనుకోకుండా తెలిసింది. ఒక శనివారం కూరగాయలకు వెళ్తూ దారి మార్చి, చుక్క ఆగే వీధిలోంచి నడిచాను. అనుకోకుండా అని ఇప్పటికీ అంటున్నాను కానీ, ఆ వీధిలో కూరగాయలు అమ్మరు. పాత తెల్ల కారు, వెనక డిక్కీ మీద పొడుగాటి సన్నని యాంటెన్నా. పక్కన ఆసుపత్రి. ఆ వైపు ద్వారం మీద డయాలిసిస్ అని పెద్ద అక్షరాలు. వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు. అర్థం కానిదేమీ మిగల్లేదు. గోంగూర ఎందుకొద్దన్నాడో కూడా. కిడ్నీలు పనిచేయనివాళ్ళు ఆకుకూరలు తినకూడదని మా పెదనాన్న సంగతి వల్ల నాకు తెలుసు.

ఇంటికొచ్చి చాలాసేపు మ్యాపు ముందు కూర్చున్నాను. ఆయన తానెక్కడున్నాడో తానే లోకానికంతా చెబుతున్నాడు. నేను దొంగతనంగా తెలుసుకున్నదేమీ కాదు. కానీ ఆయన నాతో చెప్పలేదు. తలుపు తీసి ఉందని ఒకరి పడకగదిలోకి చూసినట్టనిపించింది. మా ఆయనతో అంటే, "ఆయనంతట ఆయన చెప్పేదాకా నువ్వు కదపకు," అన్నారు. నాకూ అదే సుఖంగా ఉంది. కదపలేదు. ఆ తర్వాత మంగళ, గురు, శనివారాలు చుక్క వంతెన దాటి వెనక్కి వెళ్ళేదాకా ఒక కన్ను దాని మీద ఉంచడం మాత్రం అలవాటైంది. ఆఫీసు మీటింగుల్లో ఉన్నా ఒక మూల ఆ మ్యాపు తెరిచి ఉండేది. వాన కాలం పోయి చలి వచ్చింది.

జనవరిలో ఒక గురువారం. ఇంట్లోనే పని చేస్తున్నాను. పదకొండూ నలభైకి చుక్క ఆసుపత్రి దగ్గర కదిలింది. వంతెన ఎక్కింది, యమున దాటింది, వంతెన దిగే చోట ఆగింది. ట్రాఫిక్ అనుకున్నాను. పది నిమిషాల తర్వాత మళ్ళీ అక్కడి నుంచే వచ్చింది. ఫోనులో దారి చూస్తే ఆ రోడ్డంతా ఆకుపచ్చగా ఉంది, జామ్ లేదు. సందేశం పంపాను. జవాబు లేదు. మైకులో పిలిచాను, మూడుసార్లు. ఇంకెవరో హామ్ గుర్గావ్ నుంచి పలికి, ఆయన ఇవాళ వినబడలేదన్నాడు. మూడో పది నిమిషాలకు చుక్క అదే చోట పడింది. ఇన్ని నెలల్లో ఒకరి ఫోను నంబరు ఒకరం తీసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ల్యాప్‌టాప్ మూసి కిందికి దిగి ఆటో ఎక్కాను.

"భయ్యా, నిజాముద్దీన్ పుల్. ఉతర్తే హీ రోక్ దేనా." వంతెన దిగగానే ఆపమన్నాను.

"పుల్ కే పాస్ నహీ రుకేగా మేడం, చాలాన్ కట్ జాయేగా." అక్కడ ఆపితే జరిమానా పడుతుందట.

"ఒక పెద్దాయనకు ఒంట్లో బాగాలేదు, కారులో ఒక్కడే ఉన్నాడు," అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. అతను అద్దంలో నా ముఖం చూసి వేగం పెంచాడు. ఆగకూడని చోటే ఆపాడు.

తెల్ల కారు రోడ్డు పక్కకు ఒద్దికగా ఆగి ఉంది, వెనక దీపాలు రెండూ ఆరుతూ వెలుగుతున్నాయి. సీటు వెనక్కి వాల్చి, స్వెట్టరు మీద మఫ్లరుతో ఒకాయన కళ్ళు మూసుకుని పడుకున్నాడు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర దూది, పట్టీ. అద్దం సగం దింపి ఉంది. ముఖం కాగితంలా ఉంది. తట్టాను.

కళ్ళు తెరిచి, "ఎవరమ్మా?" అన్నాడు.

పేరు చెబితే వెంటనే తట్టకపోవచ్చనిపించింది. నా కాల్‌సైన్‌లోని చివరి మూడు అక్షరాలు చెప్పాను, రేడియోలో చెప్పే పద్ధతిలోనే. ఆ పాలిపోయిన ముఖం మీద నవ్వు మెల్లగా వచ్చింది.

"మస్తు పొట్టిగున్నవ్ గదా. గొంతు పెద్దగ ఉంటే పొడుగనుకున్న."

బీపీ పడిపోయింది, అప్పుడప్పుడూ ఇలా అవుతుంది, అరగంటలో అదే సర్దుకుంటుంది, పోతా అన్నాడు. మాట మాత్రం తడబడలేదు. నీళ్ళిస్తే రెండే గుక్కలు తాగి సీసా ఇచ్చేశాడు. ఆయన ఒళ్ళో ఉన్న ఫైలు మీద ఆసుపత్రి నంబరు ఉంటే ఫోను చేశాను. నర్సు ఛాతీలో నొప్పి ఉందా అని అడిగింది, లేదంటే కూడా వెంటనే వెనక్కి తీసుకురమ్మంది. ఆయన వద్దంటే వద్దన్నాడు.

"సార్, ఆ సీట్లోంచి లేవండి," అన్నాను. మా అమ్మాయితో కూడా నేనంత గట్టిగా మాట్లాడను. ఆయన లేచి పక్క సీట్లోకి వచ్చాడు.

పరాయివాళ్ళ కారు, పైగా గేరు గట్టిగా ఉండే పాత బండి. సరాయ్ కాలేఖాన్ దగ్గర తిప్పేలోగా రెండుసార్లు ఆగిపోయింది. మేం తిరిగేదాకా ఆటో అతను మా వెనకాలే ఉండి, వెనక బస్సులు హారన్లు కొడుతుంటే చెయ్యి ఊపి ఆపాడు. నేను డబ్బులివ్వడం మర్చిపోయానని ఆసుపత్రికి వచ్చాక గుర్తొచ్చింది. అతను అడగనూ లేదు.

ఆసుపత్రిలో పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టి, బీపీ చూశారు. నర్సమ్మాయి ఆయన మీద విరుచుకుపడింది. "అంకుల్, ఆప్ కా డ్రైవర్ కహా థా? నీచే బైఠా హై బోల్తే హై న హర్ బార్?" కింద డ్రైవర్ ఉన్నాడని ప్రతిసారీ ఆమెకు చెబుతున్నాడన్నమాట. ఆయన పైకప్పు కేసి చూశాడు. నేను గోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. గంటన్నరకు బీపీ నిలబడింది. ఇంటికి తోడు ఉంటేనే పంపుతానంది ఆ అమ్మాయి. నేను సంతకం పెట్టాను. సంబంధం అని ఉన్న చోట ఏం రాయాలో తెలియక స్నేహితురాలు అని రాశాను.

ఆయన కారులోనే వసంత్ కుంజ్ బయల్దేరాం, నేనే నడిపాను. బారాపులా ఫ్లైఓవర్ ఎక్కాక అన్నాడు: "ఇంట్ల దోస్త్ తోలుకపోతుండని చెప్పిన."

"ఎన్నాళ్ళుగా?"

"ఎనిమిది నెలలు. మొదలైనప్పటి సంది."

ఆయన భార్య స్కూలు టీచరుగా రిటైరైంది. మోకాళ్ళు బాగాలేవు. ఆమె వస్తే నాలుగు గంటలు ఆ కుర్చీల్లో కూర్చోవాలి. మొదటి రెండుసార్లు వచ్చిందట, సూదులు గుచ్చేటప్పుడు ఆమె ముఖం ఈయన చూడలేకపోయాడు. "ఇంకోటి కూడ ఉన్నది," అన్నాడు. "బండి నడుపుతున్నంతసేపు నేను బీమారోణ్ణి కాదమ్మా. పొద్దుగాల వంతెన మీద సూర్యుడు ఎదురుంగ వస్తడు. గప్పుడు నేను ల్యాబుకు పోయినట్టే ఉంటది."

నేను గేరు మార్చే హడావుడిలో ఉన్నట్టు నటించాను.

"ట్రాకర్ కూడ గందుకే పెట్టిన. ఏమన్న అయితే ఎవరో ఒకరికి తెలవాలె. ఇంట్లోళ్ళు కాకుంట, ఎవరో ఒకరు." మఫ్లరు సర్దుకుని, "నువ్వు చూస్తున్నవని నాకెర్కే. ఎవరు విన్నరో పక్కన రాసుంటది గద. పొద్దుగాల వంతెన ఎక్కంగనే నీ కాల్‌సైన్ పడుతది. ఆసుపత్రి కాడ ఆగినా నీదే పడుతది. నీకు తెలిసిందని కూడ నాకెర్క. గోంగూర తిననీకె పిలుసుడు బంద్ జేసినవ్ గద."

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన పరువు కాపాడుతున్నానని నేననుకుంటూ వచ్చాను, ఆయన నా మొహమాటాన్ని కాపాడుతూ వచ్చాడు. ఇద్దరం కలిసి ఇన్ని నెలలు ఒక మనిషిని ఒంటరిగా వంతెన దాటించాం.

"నేను అడగాల్సింది సార్," అన్నాను.

"అడగలేదు గనుకనే మంచిగనిపించింది," అన్నాడు. అది నన్ను ఊరడించడానికన్నాడో, నిజమో నాకిప్పటికీ తెలియదు.

వాళ్ళది మొదటి అంతస్తు. మెట్లు మెల్లగా ఎక్కాం. తలుపు తీసినావిడ సన్నగా, తెల్ల జుట్టుతో, కళ్ళజోడు గొలుసుకు వేలాడుతూ ఉంది. రెండున్నర గంటలు ఆలస్యమైంది, ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదని ఆమె ముఖంలో ఉంది. నన్ను చూడగానే మాత్రం ఆ ముఖం విప్పారింది.

"అయ్యో, మీరేనా రోజూ తోలుకపోయేది? దోస్తంటే మగాయన అనుకున్న! ఎంత పుణ్యమమ్మా, లోపలికి రాండ్రి."

ఆయన నావైపు చూశాడు. బతిమాలుతున్న చూపు కాదు. అలసిపోయి ఉన్నాడు, అంతే. ఔనంటే అయిపోతుంది. ఆమె టీ ఇస్తుంది, నేను తాగి మెట్రో ఎక్కుతాను, వచ్చే శనివారం చుక్క మళ్ళీ ఒంటరిగా వంతెన ఎక్కుతుంది.

"ఇవాళ ఒక్కరోజే ఆంటీ," అన్నాను.

ఆమె తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. టీచరుగా పనిచేసిన మనిషి, ఒక్క మాటలో మిగతాదంతా అర్థం చేసుకుంది. ఆయన్ని లోపలికి నడిపించింది. చెప్పులు విప్పించి, మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది. పాలు పోస్తూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"మరి మీకెట్ల తెలిసింది?"

ఫోను తీసి మ్యాపు చూపించాను. ఈ చుక్క ఆయన బండి అని, ఇది వంతెన అని చెప్పాను. పాతవి చూడొచ్చా అంది. వెనక్కి జరిపి ఒక వారం, ఇంకో వారం, ఒక నెల చూపించాను. అన్నీ ఒకే దారి. ఒకదాని మీద ఒకటి పడి ఎర్రగీత లావుగా కనబడింది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, చూపుడు వేలు గీత మీద ఆనించి నది దాటించింది.

"ఇన్నిసార్లు ఒక్కడే పోయిండా?"

ఔనన్నాను. టీ పొంగింది. ఇద్దరం ఒకేసారి స్టవ్ వైపు చెయ్యి చాపాం.

ఆ తర్వాత రెండు వారాలు ఆయన గొంతు రేడియోలో లేదు. నా మీద కోపమొచ్చిందని అనుకున్నాను, వచ్చింది కూడా. చుక్క మాత్రం వేళ తప్పకుండా వచ్చేది. మూడో మంగళవారం సందేశం వచ్చింది. నాలుగు ఇంగ్లీషు మాటలు: డ్రైవర్ నడుపుతున్నాడు, చాలా మెల్లగా. ఆ వెంటనే ఇంకోటి: ఆంటీకి మీ ఇంటి దారి చెప్పు.

డ్రైవర్ ఆయన్ని ఆసుపత్రిలో దింపి ఆవిణ్ణి మా ఇంటికి తెచ్చి, మళ్ళీ అక్కడికే వెళ్ళి ఉండేవాడు. ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో ఆమె మోకాళ్ళతో నాలుగు గంటలు ఎందుకని నేనే గట్టిగా అన్నాను. నేను ఇంట్లో ఉండే రోజుల్లో ఆమె మా బాల్కనీ ఎండలో కూర్చుని, వాళ్ళ అపార్టుమెంటు పిల్లల లెక్కల నోట్సులు దిద్దేది. మా అమ్మాయికి సోమవారం పరీక్ష ఉంటే దాన్నీ పట్టుకుని కూర్చోబెట్టింది. అది హిందీలో అడిగేది, ఆమె తెలుగులో చెప్పేది, లెక్క తెగేది. సూదులు గుచ్చాక లోపలికి వెళ్ళి కాసేపు ఆయన పక్కన కూర్చుని రావడం కూడా మెల్లమెల్లగా అలవాటు చేసుకుంది. "మొకం తిప్పుకొని కూసుంట. ఆయన ముచ్చట చెప్తడు, నేను ఊఁ కొడుత," అంది.

పదకొండున్నరకు గుర్రుమనగానే నాకన్నా ముందు ఆమే లోపలికొచ్చి మ్యాపు చూసేది. "ఇగో, బయల్దేరిండు," అని చీర సర్దుకుని, కారెక్కడానికి కిందికి దిగేది.

వేసవి చివర్లో వసంత్ కుంజ్‌కు దగ్గరగా ఉన్న ఒక ఆసుపత్రిలో వాళ్ళకు చోటు దొరికింది. ఇల్లు పది నిమిషాలు. చాలా మంచి విషయం. నా యాంటెన్నాకు ఆ చోటు అందదు. ఆఖరి శనివారం కారు వంతెన దాటి వెళ్తూ కాలేఖాన్ దగ్గర చివరిసారి నా మ్యాపు మీద పడింది. మరుసటి మంగళవారం ఆరున్నరకు అలవాటు కొద్దీ లేచి కాఫీ కలుపుకున్నాను. గదిలో నిశ్శబ్దంగా ఉంది. కొన్నాళ్ళు అది వెలితిగానే ఉండింది.

ఇప్పుడు ఫోను నంబర్లున్నాయి. ఆయన పరిస్థితి పెద్దగా మారలేదు, వారానికి మూడు రోజులు తప్పదు. అయితే ఆయన చేతులు ఊరుకోవు. పోయిన నెల నా స్కూటీకి ఒక ట్రాకర్ తయారుచేసి పంపించాడు. సబ్బు పెట్టె అంత ఉంది. నాకెందుకు సార్ అంటే, "అందరియి నువ్వు చూస్తవ్, నీది ఎవరన్న చూడొద్దా?" అన్నాడు. అయినా రెండు వారాలు దాన్ని బల్ల మీదే ఉంచాను. నేనెక్కడుంటే అక్కడ ఒక చుక్క పడటం, దాన్ని ఒకరు కాఫీ తాగుతూ చూడటం. ఆయన ఎనిమిది నెలలు ఏం చేశాడో అప్పుడు కొంచెం తెలిసింది.

ఇవాళ పొద్దున బిగించుకుని కూరగాయల సంతకు బయల్దేరాను. ఈసారి నిజంగా కూరగాయలకే. ఫేజ్ వన్ మెట్రో స్టేషన్ దాటకముందే ఫోను మోగింది. ఆంటీ.

"బీరకాయలు లేతగ ఉంటే మాకు కూడ రెండు కిలోలు తీసుకో. ఆయనకు అవి పెట్టొచ్చన్నరు."

సంతలో గతుకులకు లోపలి తీగ ఒకటి ఊడి, తిరిగి వచ్చేటప్పుడు ట్రాకర్ మూగబోయింది. ఆయనకు చెబితే టంకం సరిగా వేయలేదని తన్ను తాను తిట్టుకుని, పట్టుకురమ్మన్నాడు. రేపు శనివారం. ఆయన మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తాడు. సంచిలో బీరకాయలు, వాటి మీద ట్రాకర్ పెట్టాను. మా అమ్మాయి కూడా వస్తానంది, టంకం వేయడం చూడాలట.